బోటు మూతి ఎటు ఉంది

నేను ఉద్యోగ జీవితమంతా సముద్రానికి కాపలా కాశానంటే మా పాలకొల్లు బంధువులు ఇప్పటికీ పకపకా నవ్వుతారు. వాళ్ళ నవ్వులో న్యాయం లేకపోలేదు. మాది వరిచేలు, కొబ్బరితోటలు ఉన్న ఇల్లు. సముద్రమంటే మాకు కార్తీకమాసంలో స్నానానికి వెళ్ళే చోటు, అంతే. నేనైతే కాకినాడలో అన్నేళ్ళు కాపురముండి కూడా మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. అలాంటిదాన్ని ఏసీ గదిలో, మే నెలలో కూడా స్వెట్టరు వేసుకుని, ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో బంగాళాఖాతాన్ని చూస్తూ తల పండించుకున్నాను.

రిటైరయ్యాక రాజమండ్రిలో ఉంటున్నాం. ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. "మేడం, ట్రైనింగులో అంతా సాఫ్ట్‌వేర్ గురించే చెప్పారండి. అసలు పనేంటో ఎవరూ చెప్పలేదండి," అంది. ఫోన్లో గంటసేపు చెప్పాను. పెట్టేశాక చూసుకుంటే చెప్పాల్సింది చెప్పనేలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎప్పుడొచ్చాయో నాకే సరిగ్గా గుర్తులేదు. బయటికి చెప్పకూడని సంగతులూ చెప్పను. నిజానికి అవి మీరు ఊహించుకునేంత రుచిగా కూడా ఉండవు.

చుక్క

మా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ. పైనుంచి రాడార్ ఉపగ్రహం సముద్రాన్ని చూస్తుంది. దానికి మబ్బూ అడ్డం కాదు, చీకటీ అడ్డం కాదు. ఆ చిత్రంలో నీళ్ళు నల్లగా ఉంటాయి, ఇనుము ఉన్నచోట తెల్లటి చుక్క మెరుస్తుంది. మరోవైపు ఓడల్లో, చాలా బోట్లలో ట్రాన్స్‌పాండర్ అనే యంత్రం ఉంటుంది. నేను ఫలానా, ఇదిగో ఇక్కడున్నాను అని అది తనంతట తాను చెబుతూ ఉంటుంది. చుక్కల్ని, ఆ పేర్లని పక్కపక్కన పెట్టి జత కలపడం మా ఉద్యోగం. పేరుండి చుక్క లేకపోతే ఎవరో అబద్ధం చెబుతున్నట్టు. చుక్క ఉండి పేరు లేకపోతే ఎవరో దాక్కుంటున్నట్టు. సరిహద్దు దగ్గర అలాంటి చుక్క కనబడితే మా గదిలో అందరి కుర్చీలూ ఒకేసారి కిర్రుమనేవి.

మా మొదటి బాస్ సోమయాజులు గారు. పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. ఆయన కోపం వస్తే గొంతు పెంచరు, మరింత మర్యాదగా మాట్లాడతారు. మేమంతా కొత్తగా చేరిన రోజుల్లో, అంతర్వేదికి ఎదురుగా సముద్రంలో కదలకుండా నిలబడ్డ ఓడ ఒకటి దొరికిందని మా బ్యాచ్ మొత్తం సంబరపడిపోయింది. పేరు లేదు, వారమంతా అక్కడే ఉంది. ఇంకేం, అనుమానం ఖాయం. నివేదిక తయారుచేసి ఆయన ముందు పెట్టాం.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, "రాజేశ్వరి గారూ, ఇది ఓడని మీకెవరు చెప్పారండి?" అని అడిగారు.

"మెరుస్తోంది కదండీ."

"మెరిస్తే చుక్క అండీ. ఓడని తేలాక ఓడ అందాం. అప్పటిదాకా చుక్కే అనండి. నోటితో ఓడ అన్నారంటే మీ కళ్ళు దానికి పొగగొట్టం కూడా తగిలించేస్తాయి."

అది గ్యాస్ తీసే రిగ్గు. మన కోనసీమ తీరంలో అలాంటివి ఉన్నాయని ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మాకు మాత్రం స్క్రీన్ ముందు కూర్చునేసరికి తెలిసిన సంగతి కాస్తా ఎగిరిపోయింది. ఆయన తిట్టలేదు. ఆ రోజునుంచి మా గదిలో ఎవరైనా తొందరపడి ఓడ అంటే చాలు, మిగతావాళ్ళు "చుక్క అండీ, చుక్క" అని ఆటపట్టించేవాళ్ళం. ఆ అలవాటు నాకు ఎంత మేలు చేసిందో తర్వాత చెబుతాను. సోమయాజులు గారు ఇప్పుడు లేరు. ఉద్యోగంలో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

ఓడగా నమోదైన ఇల్లు

నేలని చూసి ఓడ అనుకోకుండా ఉండటానికి కంప్యూటర్లో ఒక ఏర్పాటు ఉంటుంది. తీరంగీత గీసి, దానికి ఇటువైపు ఉన్నదంతా నేల, పట్టించుకోవద్దు అని దానికి చెప్పిపెడతాం. మంచి ఏర్పాటే. కానీ ఉప్పాడ దగ్గర తీరం మా గీత మాట వినదు. ప్రతి వానాకాలం కొంత నేల సముద్రంలోకి పోతుంది. మేము గీత మార్చేలోపే అక్కడ రోడ్డు ఇంకోసారి తెగుతుంది.

ఒకసారి గీత కొత్తగా మార్చాక ఉప్పాడ ఒడ్డుకి కాస్త ఎదురుగా నీళ్ళలో చుక్క ఒకటి వచ్చింది. పేరు లేని బోటు అని కంప్యూటర్ నమోదు చేసింది. వచ్చిన ప్రతి చిత్రంలోనూ అదే చోట ఉంది. ఈసారి తొందరపడకుండా మత్స్యశాఖ వాళ్ళని అడిగాం. అది బోటు కాదు, ఇల్లు. గోడలు కూలిపోయి శ్లాబూ, ఇనుప చువ్వలూ నీళ్ళలో మిగిలాయి. కిందటి ఏడాది దాకా అందులో మనుషులు వండుకుని తిన్నారు.

నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. కంప్యూటర్ తప్పేమీ లేదు, దానికి చెప్పిన ప్రకారం సముద్రంలో ఉన్నది ఇల్లు కాదు మరి. కానీ ఒక సంసారం మునిగిన చోటు మా లెక్కలో అనుమానాస్పద బోటుగా కొన్ని వారాలుంది. ఇప్పుడు ఈ తప్పులు యంత్రమే పట్టేస్తుందంటున్నారు. పట్టనివ్వండి, మంచిదే. అయినా ఏడాదికోసారి బస్సెక్కి వెళ్ళి మీరు గీసిన తీరంగీత మీద కాళ్ళు పెట్టి నిలబడి రండి. ఖర్చుకి ఆఫీసు ఒప్పుకోకపోతే సొంతంగా వెళ్ళండి, దారిలో మంచి చేపలపులుసు దొరుకుతుంది.

నూకరత్నం

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి ఇక్కడ మొదలవుతుంది. అప్పటికి నేను చిత్రాలు చూసే విభాగానికి పెద్దదాన్ని. నా పక్క కుర్చీలో హరిత అని చురుకైన అమ్మాయి ఉండేది. మా ఇద్దరిపైన బాస్ ప్రసాద్ గారు.

ఒకరోజు ఉదయం మత్స్యశాఖ అధికారి ఒకాయన వచ్చారు. ఆయన వెనక ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి, తలకి నూనె రాసి గట్టిగా ముడేసుకుంది, చేతిలో ప్లాస్టిక్ సంచీ. పేరు నూకరత్నం, ఊరు ఉప్పాడ. ఆమె భర్త కొర్లయ్య బోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. వేట నిషేధం ఎత్తేశాక వానాకాలం మొదట్లో ఇంకో ఆరుగురితో వేటకెళ్ళాడు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. చివరికి పొరుగుదేశం గస్తీవాళ్ళు వాళ్ళని తమ జలాల్లో పట్టుకుని జైల్లో పెట్టారు. కావాలనే సరిహద్దు దాటొచ్చి చేపలు దొంగిలించారని కేసు. అది రుజువైతే ఏళ్ళ తరబడి జైలు, బోటు పోయినట్టే. గాలికి కొట్టుకొచ్చారని తేలితే ఇంటికి పంపేస్తారు. అక్కడి కోర్టులో చూపించడానికి ఏదైనా ఆధారం ఉంటే ఇవ్వమని మన రాయబార కార్యాలయం అడిగింది.

నూకరత్నం కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుంది.

"ఆకాశంలోంచి అన్నీ కనబడతాయంట గదండీ," అంది. "మరి మా ఆయన కనబడలేదాండీ?"

అన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు.

"మనుషులు కనబడరమ్మా. బోట్లే చుక్కల్లా కనబడతాయి," అన్నాను.

"బోటు కనబడినా సాలండి. మా ఆయన దొంగోడు కాదండి. వేరేవోళ్ళ వల ముక్క మా వల్లో పడినా ఇల్లు ఎతుక్కుంటా ఎల్లి ఇచ్చేత్తాడండి. పిల్లల్ని బళ్ళో దొంగోడి పిల్లలంటన్నారండి. ఆ మాటొక్కటి పోతే సాలండి నాకు."

ఆమెను బయట కూర్చోబెట్టి ప్రసాద్ గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన మంచి పనిమంతుడు, కానీ ఎప్పుడూ రైలెక్కబోతున్న మనిషిలా ఉండేవారు. "లోపలికొచ్చే వాళ్ళని పట్టుకోవడం మన పనండీ. బయటికి పోయిన వాళ్ళని వెతకడం కాదు," అన్నారు. నేను వాదించలేదు. సోమయాజులు గారి దగ్గర నేర్చుకున్న మర్యాద కాస్త వాడాను. "అది ఇంకా తేలలేదు కదండీ. వాళ్ళు పోయారో, కొట్టుకుపోయారో తేల్చమనే కదండీ అడుగుతున్నారు," అన్నాను. ఆయన గడియారం చూసుకుని, "రోజువారీ పని ఆగకూడదు మరి," అన్నారు. పై అధికారుల గురించి మనం చాలా చెప్పుకుంటాం. అడ్డం పడకపోవడం కూడా ఒక సాయమేనని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

మా పాఠం ప్రకారం దొంగలే

చిక్కు ఎక్కడుందంటే, మా సొంత పాఠం ప్రకారం కూడా ఆ ఏడుగురూ దొంగల్లాగే ఉన్నారు. ట్రాన్స్‌పాండర్ కొన్నాళ్ళు బాగానే పలికింది. మన జలాల్లో ఉండగానే హఠాత్తుగా మూగబోయింది. తర్వాత బోటు తేలింది సరిహద్దు అవతల. సరిహద్దు దాటబోయేవాడు ముందు చేసే పని యంత్రం నోరు నొక్కడమే అని కొత్తవాళ్ళకి నేనే పాఠం చెప్పేదాన్ని. అవతలి దేశం వాళ్ళు సరిగ్గా అదే అన్నారు. ఇంజను ఆగిందనేది పట్టుబడ్డాక చెప్పిన కథన్నారు.

ఇంజను ఆగితే బ్యాటరీకి ఛార్జి ఎక్కదు, బ్యాటరీ అయిపోతే యంత్రం ఆగిపోతుంది. ఇది మాకు అర్థమైంది. కానీ అర్థమవడం వేరు, చూపించడం వేరు.

పాత రాడార్ చిత్రాలన్నీ తిరగేశాం. చిన్న బోటు చుక్క చాలా మసగ్గా ఉంటుంది, అల లేచినా అలాగే మెరుస్తుంది. యంత్రం మూగబోయిన చోటునుంచి మొదలుపెట్టి, ఆ రోజుల్లో గాలి ఎటు వీచిందో, నీటివాలు ఎటు ఉందో చూసి, ఇక్కడ ఉండొచ్చు అనుకున్న చోటల్లా వెతికాం. హరిత ఓపికకి చేతులెత్తి మొక్కాలి. చివరికి నైరుతి గాలికి ఈశాన్యంగా జరుగుతూ పోయిన మసక చుక్కల వరస ఒకటి దొరికింది. చాలా నెమ్మదిగా, మనిషి నడిచినంత వేగంతో జరిగింది.

హరిత చప్పట్లు కొట్టబోయింది. నేను ఆపాను. వల లాగే బోటు కూడా నెమ్మదిగానే వెళుతుంది. మా చుక్కల వరస చూసి అవతలి వకీలు, "సరిగ్గా మేము చెప్పిందే, వల లాగుతూ మా జలాల్లోకి వచ్చారు," అనొచ్చు. పైగా అవి ఆ బోటు చుక్కలేనని ఒట్టేసి చెప్పగలమా? చెప్పలేం. అవి ఇంకా చుక్కలే.

రాడార్ కాక మామూలు కెమెరా ఉపగ్రహాలు ఉంటాయి. వాటిలో బోటు ఆకారం తెలుస్తుంది, రంగు తెలుస్తుంది. కానీ వానాకాలంలో సముద్రమంతా మబ్బు. అందుకే వాటి గడప తొక్కలేదు. ఇక దారి లేక అవీ తెప్పించి చూడటం మొదలుపెట్టాం. ఎక్కువ భాగం దూది. మధ్యలో ఎక్కడైనా చిన్న కంత ఉంటే అందులోంచి నీలంగా నీళ్ళు కనిపించేవి. రోజువారీ పని అయ్యాక మిగిలిన కాస్త సమయంలో ఆ కంతల్ని వెతికేవాళ్ళం. నూకరత్నం వారానికోసారి కాకినాడ చేపల మార్కెట్‌కి వచ్చినప్పుడు మా గేటు దగ్గరకొచ్చి కబురు పంపేది. ఇంకా లేదమ్మా అని చెప్పడానికి నేనే కిందికి దిగేదాన్ని. ఆ మాట ఇంకొకరి చేత చెప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. కోర్టు వాయిదా దగ్గరపడుతోంది.

బాణం గుర్తు

ఒక మధ్యాహ్నం నేను హరిత పక్కనపెట్టిన చిత్రాలు ఊరికే తిరగేస్తున్నాను. ఎవరో తమ అవసరం కోసం తీయించుకున్న చిత్రం, దాని అంచులో మబ్బు కంత, ఆ కంతలో ఒక బోటు. మూతి కోసుగా, వెనక భాగం చదరంగా స్పష్టంగా ఉంది. మా పద్ధతి ప్రకారం హరిత దాని మూతినుంచి ముందుకి బాణం గుర్తు గీసి, "రేవుకి తిరిగి వెళుతున్న బోటు" అని రాసి తీసేసింది. బాణం నైరుతికి చూపిస్తోంది, అంటే మన తీరం వైపుకి. మనకి కావలసిన బోటు ఈశాన్యంగా పొరుగుదేశం వైపు పోయింది కదా. హరిత చేసింది పద్ధతి ప్రకారం సరైన పనే. మా గదిలో ఎవరైనా అలాగే చేసేవారు. మూతి ఎటుంటే బోటు అటే వెళుతుందని మేమంతా ఏళ్ళ తరబడి బాణాలు గీశాం.

నాకు ఒక్కటి పొసగలేదు. బోటు వెనక నురుగు చార లేదు. ఇంజను తిరుగుతుంటే నీళ్ళు చీలి తెల్లగా చార పడాలి.

"ఆగి ఉందేమోనండి," అంది హరిత.

"నడిసముద్రంలో, అంత గాలిలో, మూతి ఇంటికేసి పెట్టుకుని ఆగిందా?" అన్నాను.

అంటుండగానే నాకు నరసాపురం రేవులో పంటు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా మేనత్త గారి ఊరు సఖినేటిపల్లి వెళ్ళడానికి దాని మీదే గోదావరి దాటేవాళ్ళం. నది ఉరవడిగా ఉన్న రోజుల్లో పంటు మూతి రాజమండ్రి వైపు ఉండేది, పంటు మాత్రం పక్కకి జారుతూ వెళ్ళి అవతలి రేవులో ఆగేది. ఇదేంటి, ఇటు చూస్తూ అటు వెళుతోందని మా నాన్నని అడిగి విసిగించేదాన్ని. నది తోస్తోందమ్మా అనేవాడాయన. పడవ మూతి ఎటుందో, పడవ ఎటు వెళుతోందో, రెండూ వేరు వేరు సంగతులు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, ఆఫీసు కుర్చీలో కూర్చుని అది మరిచిపోయి బాణాలు గీస్తున్నాను.

ఆ చిత్రం తీసిన తేదీ, చోటు తీసుకెళ్ళి మా మసక చుక్కల వరసలో పెట్టాం. సరిగ్గా రెండు చుక్కల మధ్య కూర్చుంది. మరుసటి చుక్క దానికి ఈశాన్యంగా, ఇంకా దూరంగా ఉంది. అంటే మూతి మన తీరానికి ఉంది, బోటు మాత్రం వెనక్కి, వెనక్కి పోతోంది.

హరిత నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "వెనక్కి నడుస్తూ దొంగతనానికి ఎవరెళతారండీ?" అంది.

అయినా అది ఆ బోటేనని తేలాలి. ఆ వారం నూకరత్నం వచ్చినప్పుడు పైకి పిలిపించాను. చిత్రం చూపించకుండా ముందు అడిగాను. బోటు గది మీద కప్పు ఏ రంగు?

"పసుపు టార్పాలండి. ఓ మూల సిరిగిపోతే నీలం ముక్కేసి నేనే కుట్టానండి. ఎనకాల కుడి మూలండి."

"ఇంజను ఆగిపోతే మీవాళ్ళు ఏం చేస్తారమ్మా?"

"వలంతా మూటగట్టి, తాడేసి, బోటు మూతికాణ్ణించి నీళ్ళలో వదుల్తారండి. అది బరువుగా లాగుతుంటే మూతి గాలికి ఎదురుగా నిలబడతాదండి. అలా నిలబడకపోతే బోటు అడ్డం తిరిగి అల కొట్టిందంటే బోల్తానే గదండీ." చెప్పి, "ఎందుకండీ?" అంది.

నేను స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. పసుపు రంగు చిన్న చదరం, దాని వెనక కుడి మూల నీలంగా. ఇంట్లోవాళ్ళ బట్టల మీద తాను వేసిన మాసికని గుర్తుపట్టినట్టు ఆమె దాన్ని గుర్తుపట్టింది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇల్లు ఎటేపండీ?" అని అడిగింది. నేను నైరుతి మూల చూపించాను.

"ఇంటికేసే సూత్తన్నాడు సూడండి," అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హరిత కూడా ఏడ్చింది. నేను పెద్దదాన్ని కాబట్టి తమాయించుకున్నానని రాద్దామనుకున్నాను గానీ, అది అబద్ధం.

కనబడింది రాయడం

నివేదిక రాసేటప్పుడు ఒక పేచీ వచ్చింది. వల మూట నీళ్ళలో ఉండటం చిత్రంలో కనబడదు. మూతి ముందర నీళ్ళు కాస్త నునుపుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. ప్రసాద్ గారు అప్పటికి మాకంటే ఉత్సాహంగా ఉన్నారు. "వల మూట కనబడుతోందని రాసేద్దామండీ, కేసు గట్టిపడుతుంది. ఉన్నమాటే కదా," అన్నారు.

ఉన్నమాటే. కానీ మాకు కనబడిన మాట కాదు. ఒక్క ముక్క ఎక్కువ రాసి, అవతలివాళ్ళు ఏదీ చూపించండి అంటే, ఉన్నవన్నీ కూడా దాంతోపాటు నీళ్ళపాలవుతాయి. నేను ఒప్పుకోలేదు. "మూట కనబడలేదు. బోటు వెనక నురుగు చార లేదు. మూతి నైరుతికి ఉంది. బోటు ఈశాన్యానికి జరిగింది. కప్పు రంగు కుటుంబం చెప్పినదానితో సరిపోయింది," అని రాశాం. మసక చుక్కల్ని చివరిదాకా చుక్కలనే రాశాం. బోటు పక్కన ఒకటి కాదు, రెండు బాణాలు గీశాం. మూతి ఎటుందో చెప్పడానికి ఒకటి, బోటు ఎటు పోయిందో చెప్పడానికి ఒకటి. ప్రసాద్ గారు సణుగుతూనే సంతకం పెట్టారు. ఆ తర్వాత దాన్ని పై ఆఫీసులకి పంపి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, వాయిదా లోపల కోర్టుకి చేరేలా చూసింది కూడా ఆయనే. ఆ పని నాకు చేతనయ్యేది కాదు.

మా నివేదిక వల్లే అంతా జరిగిందని నేననను. రాయబార కార్యాలయం వాళ్ళు తిరిగారు, అక్కడి వకీలు ఒకాయన బాగా వాదించాడట, ఇంజను విప్పి చూసిన మెకానిక్ నిజం చెప్పాడట. ఎవరి చెయ్యి ఎంతో నాకు తెలియదు. అందరికీ దండం. గాలికి కొట్టుకొచ్చిన బోటేనని కోర్టు ఒప్పుకుంది. ఏడుగురూ ఇంటికొచ్చారు.

రెండు బాణాల పద్ధతి మా ఆఫీసులో ఇప్పటికీ ఉందట. మీ స్క్రీన్ మీద అది చూసి ఎందుకో అనుకునే ఉంటారు. ఇదీ దాని వెనక సంగతి.

కొర్లయ్య

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి కొర్లయ్య భార్యతో కలిసి ఆఫీసుకొచ్చాడు. ఎండు రొయ్యల పొట్లం తెచ్చాడు, వద్దంటే నొచ్చుకుంటాడని తీసుకున్నాం. జైల్లో చిక్కిపోయి ఉన్నాడు, చొక్కా భుజాల మీద నిలవడం లేదు. తన బోటు చూస్తానన్నాడు. చిత్రం బయటికి ఇవ్వకూడదు గానీ చూపించడానికి అడ్డం లేదు. హరిత తన కుర్చీలో కూర్చోబెట్టి చూపించింది.

చాలాసేపు చూశాడు. తర్వాత వేలు మూతి దగ్గర పెట్టాడు.

"నేనిక్కడ కూకున్నానండి. తాడు కాడ. తాడు తెగితే ఇంక అంతే గదండీ, అందుకని ఒకళ్ళం ఎప్పుడూ కాపలా కూకునేవోళ్ళం." చుట్టూ ఉన్న మబ్బు అంచు మీదికి వేలు జరిపాడు. "ఇది మబ్బు సీలి ఎండొచ్చిన పొద్దండి. ఆ పొద్దు మంచినీళ్ళు అయిపోయినియ్యండి. పైకి సూసి దండం పెట్టానండి. పైన ఎవురూ లేరు, మనల్ని ఎవురూ సూడట్లేదనుకున్నాను. సూత్తానే ఉన్నారన్నమాట."

హరిత నాకేసి చూసింది. అవునండీ, చూస్తూనే ఉన్నాం అని ఒక్క మాటంటే ఆ మనిషి సంతోషంగా వెళ్ళిపోతాడు. అనాలని నాకూ ఉంది. కానీ ఆ రోజు ఆ చిత్రం ఎవరి కంప్యూటర్లోనో ఎవరూ తెరవకుండా పడి ఉంది. అదే రోజు చూసినవాళ్ళుంటే వీళ్ళు సరిహద్దు దాటకముందే ఓడ ఒకటి వెళ్ళి తీసుకొచ్చేది. జైలుండేది కాదు, కోర్టుండేది కాదు.

"లేదండీ కొర్లయ్య గారూ," అన్నాను. "ఆ రోజు మిమ్మల్ని ఎవరమూ చూడలేదు. ఆ రోజు పైనుంచి ఫొటో మాత్రం పడింది. మేము చూసింది మీరు జైలుకెళ్ళాక, మీ ఆవిడ వచ్చి అడిగితే."

ఆయన స్క్రీన్ మీంచి వేలు తీశాడు. కోపం వచ్చిందేమో, రావడంలో తప్పు లేదనుకున్నాను. స్క్రీన్ మీద తన బోటుని ఇంకోసారి చూసుకుని లేచాడు.

"తరవాతైనా సూశారు గదండీ," అన్నాడు. "సూడకపోతే నేను దొంగోడిగానే సచ్చిపోదును."

నేనూ హరితా వాళ్ళిద్దరినీ గేటుదాకా సాగనంపాం. ఏ ఉద్యోగమూ నాకు ఇంతకంటే ఎక్కువ ఇచ్చేది కాదు. అందుకు సోమయాజులు గారికీ, ప్రసాద్ గారికీ, హరితకీ, గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగకుండా కూర్చున్న ఆ నూకరత్నానికీ నేను రుణపడి ఉన్నాను. ఇప్పుడు ఆ కుర్చీల్లో మీరు కూర్చున్నారు, మాకు లేని యంత్రాలు మీకున్నాయి. మేము తర్వాత చూశాం. మీరు ఆ రోజే చూడండి.